పాత పికప్ ఒరిజినల్ డిస్కులకు రేడియల్ టైర్లు ఎంచుకోవడం ఎలా?

షెవర్లే 3100, ఫోర్డ్ ఎఫ్-1, ఎఫ్-100 లాంటి పాత పికప్‌లు నడిపేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటే: "నా బండికి 6.00-16 (6 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల డిస్కు) టైర్లున్నాయి. రేడియల్‌లో దానికి సమానమైన సైజు ఏది?" ఒక్క ముక్కలో జవాబిచ్చే పట్టికలు బోలెడు దొరుకుతాయి. కానీ మీ డిస్కు (టైరు ఎక్కించే ఇనుప చక్రం) వెడల్పెంతో, అది ఏ కాలం నాటిదో, అందులో ట్యూబుందో లేదో ఆ పట్టికకు తెలియదు. పాత టైరు ఎత్తు చూసి కొత్త టైరు పేరు చెప్పేస్తుంది, అంతే. అందుకే అదే సైజు ఒకరి బండికి చక్కగా కుదురుతుంది, ఇంకొకరి బండికి మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం ఊగిసలాడేలా చేస్తుంది.

కాబట్టి వరస మార్చండి. ముందు డిస్కు, తర్వాత బరువు, ఆ తర్వాతే టైరు సైజు.

సిద్ధాంతం కొంచెం చాలు. పాత బయాస్ టైర్లలో (మెకానిక్‌లు నైలాన్ టైర్లనే రకం) దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. పక్క గోడ, పైభాగం (రోడ్డుకు తగిలే భాగం) కలిసి ఒకే ముద్దలా కదులుతాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా వెళ్తాయి, పైభాగం కింద స్టీలు బెల్టు ఉంటుంది. పక్క గోడ మెత్తగా వంగుతుంది, పైభాగం మాత్రం రోడ్డుకు అతుక్కుని ఉంటుంది. అందుకే రేడియల్ వేశాక బండి రోడ్డు మీది గాడుల వెంట పోకుండా తిన్నగా నడుస్తుంది. మిషెలిన్ 1949లోనే రేడియల్‌ను మార్కెట్లోకి తెచ్చినా అమెరికా బళ్లలో అది మామూలయింది 1970లలో. అంతకుముందు తయారైన డిస్కుల్ని రేడియల్ పట్టును, పక్కకు లాగే బలాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. వాటికి రేడియల్ వేయకూడదని కాదు, వేసేముందు డిస్కును గట్టిగా పరీక్షించాలని.

ఏం కావాలి

- స్టీలు టేపు, పొడవాటి తిన్నని స్కేలు
- వైరు బ్రష్, టార్చి, వీలైతే పగుళ్లు చూపించే డై పెనెట్రెంట్ స్ప్రే
- పెద్ద అట్టముక్క, కత్తెర, సుద్దముక్క
- సబ్బు నీళ్లు
- మంచి గాలి గేజి, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో చూపేది)
- మీ బండి పాత హ్యాండ్‌బుక్కు, లేదా డోరు దగ్గరి ప్లేటు మీద ఉన్న బరువు వివరాలు
- కొనాలనుకుంటున్న టైరుకు కంపెనీ ఇచ్చే వివరాల పత్రం. ఇది లేకుండా ముందుకెళ్లొద్దు.

1. మీది ఏ రకం డిస్కో తేల్చుకోండి

ఎంత చిన్న సందేహమున్నా ఈ మెట్టు దగ్గర ఆగాల్సిందే.

పాత పికప్‌లలో ఒకే ముక్కగా ఉండే డిస్కులు ఎక్కువ. ముప్పావు టన్ను, ఒక టన్ను తరగతి (సరుకు మోసే సామర్థ్యాన్ని బట్టి పెట్టిన పేర్లు) బళ్లలో మాత్రం రెండు మూడు ముక్కల డిస్కులు కనిపిస్తాయి: పక్కన రింగు, లేదా రింగుతో పాటు లాక్ రింగు. డిస్కు అంచు చుట్టూ సన్నని గీతలాంటి సందు కనిపిస్తే అది ముక్కల డిస్కు. గాలి నింపేటప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే తూటాలా ఎగిరి ప్రాణం తీస్తుంది. అమెరికాలో ఇలాంటి చక్రాలకు గాలి నింపాలంటే ఇనుప బోనులో పెట్టి, దూరం నుంచి, గొట్టానికి క్లిప్పు తగిలించి నింపాలని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనే ఉంది. ఇది ఇంట్లో చేసే పని కాదు. ఆర్‌హెచ్-5° అనే రెండు ముక్కల రకంలో అతుకు టైరు లోపల దాగి ఉంటుంది, సరిగ్గా పట్టిందో లేదో బయటి నుంచి కనిపించదు. ఆ రకం డిస్కులు మీ బండికుంటే వాటిని వదిలేసి, అదే బోల్టుల అమరిక ఉన్న ఒకే ముక్క డిస్కులు వెతుక్కోండి. ఒరిజినాలిటీ మీద ఎంత ప్రేమున్నా ఇక్కడ రాజీపడడమే మేలు.

రెండో ప్రమాదం 16.5 అంగుళాల డిస్కు. 1960ల నుంచి వచ్చిన చాలా ముప్పావు టన్ను బళ్లకు 8.00-16.5 లాంటి టైర్లుండేవి. టేపుతో కొలిస్తే 16కూ 16.5కూ తేడా పట్టుకోవడం కష్టం. 16 డిస్కులో టైరు బీడ్ (డిస్కును పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే చోటు 5 డిగ్రీల వాలుతో ఉంటుంది, 16.5లో 15 డిగ్రీలు. 16 టైరు 16.5 డిస్కు మీదికి ఎక్కుతుంది కూడా. కానీ గాలి నింపుతుంటే బీడ్ తెగి పేలిపోతుంది. డిస్కు మీద కొట్టిన అచ్చు చదవండి, లేదా పాత టైరు గోడ మీది సైజు చూడండి. రెండూ చెరిగిపోయి ఉంటే పెద్ద టైరు షాపులో చూపించండి, ఊహించి కొనకండి.

2. డిస్కును ఒలిచి చూడండి

టైరు విప్పి, తుప్పు, పాత పెయింటు గీకి, ఉత్త ఇనుము కనిపించాక చూడండి. పెయింటు కింద పగులు దాక్కుంటుంది. ఎక్కడెక్కడ చూడాలంటే:

నట్టు రంధ్రాల చుట్టూ. రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే ఆ డిస్కు ఇక పనికిరాదు. మధ్య పళ్లెం రిమ్ముకు అతికే చోట, అంటే వెల్డింగు లేదా రివెట్ల దగ్గర. రేడియల్ లాగే బలం ముందుగా తగిలేది ఇక్కడే. వెంట్రుకంత గీత కనిపించినా డై స్ప్రే కొట్టి చూడండి. పగిలిన డిస్కుకు వెల్డింగు పెట్టించి వాడొద్దు. ఇక బీడ్ కూర్చునే చోట తుప్పు తిని గుంటలు పడి ఉంటే ట్యూబ్‌లెస్ ఆలోచన మానేయాలి.

తర్వాత డిస్కును హబ్‌కు బిగించి, చక్రం నేలకు తగలకుండా జాకీ, స్టాండు మీద నిలిపి తిప్పండి. రిమ్ము పక్కన ఒక పెన్సిలు కదలకుండా పెట్టి, దానికీ రిమ్ముకూ మధ్య సందు చూడండి. పైకీ కిందకీ, పక్కలకీ ఊగడం ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే ఎన్ని వెయిట్లు పెట్టి బ్యాలెన్స్ చేసినా వణుకు పోదు.

3. వెడల్పును సరైన చోట కొలవండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డిస్కు వెడల్పంటే బయటి అంచు నుంచి బయటి అంచుకు కాదు. టైరు బీడ్ ఆనుకునే రెండు లోపలి గోడల మధ్య దూరం. బయటి నుంచి కొలిస్తే సుమారు ఒక అంగుళం ఎక్కువ చూపిస్తుంది. 5 అంగుళాల డిస్కును 6 అనుకుని, 6కు తగిన టైరు కొనేస్తారు.

వ్యాసం విషయంలోనూ ఇదే తప్పు జరుగుతుంది. 15 అంగుళాల డిస్కును అంచు నుంచి అంచుకు కొలిస్తే 16కు పైనే వస్తుంది. సైజు అంటే బీడ్ కూర్చునే చోటి వ్యాసం. అచ్చు కనిపిస్తే అదే నమ్మకం: "15x5కె" అంటే 15 వ్యాసం, 5 వెడల్పు, "కె" అన్నది అంచు ఆకారం. ఇప్పటి డిస్కులకు మామూలుగా ఉండే "జె" అంచు కన్నా "కె" అంచు కాస్త ఎత్తు.

స్టెప్నీతో సహా ఐదు డిస్కులూ విడివిడిగా కొలవండి. డెబ్బై ఏళ్లలో బండికి ఎవరు ఏ డిస్కు తగిలించారో ఎవరికి తెలుసు! ముందు రెండు ఒక వెడల్పు, వెనక రెండు ఇంకొకటి ఉన్న బళ్లు అరుదేం కాదు.

4. బరువు లెక్క వేయండి

బండిని మీరు మామూలుగా వేసుకునే సరుకుతో కాటా మీదికి తీసుకెళ్లండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ వేరువేరుగా తూయించండి. వెనక బరువును రెండుతో భాగిస్తే ఒక్కో టైరు మోయాల్సింది తేలుతుంది.

టైరు మీద సైజు పక్కన ఉండే అంకె లోడ్ ఇండెక్స్. 97 అంటే 730 కిలోలు, 100 అంటే 800, 105 అంటే 925, 108 అంటే 1000. అయితే కారు టైరును, అంటే "పి" అక్షరంతో మొదలయ్యే రకాన్ని, పికప్‌కు వేస్తే ఆ బరువును 1.1తో భాగించాలి. 97 ఉన్న టైరు కారు కింద 730 కిలోలు మోస్తుంది, పికప్ కింద దాన్ని 663గానే లెక్కపెట్టాలి. రెండు టైర్లకు కలిపి 1,327 కిలోలు. ఈ భాగహారం మర్చిపోయేవాళ్లు చాలామంది. షోకు తీసుకెళ్లే ఖాళీ బండికి తేడా తెలియకపోవచ్చు, బస్తాలు వేస్తే తెలుస్తుంది.

"ఎల్‌టి" రకం ట్రక్కు టైర్లకు ఈ కోత లేదు. వాటికి లోడ్ రేంజ్ చూడాలి: సి అంటే పాత లెక్కలో 6 ప్లై (పొరలు), డి అంటే 8, ఇ అంటే 10. మామూలుగా సికి 50 పి.ఎస్.ఐ., డికి 65, ఇకి 80 దగ్గర పూర్తి బరువు మోస్తాయి. ఇక్కడే హెచ్చరిక: టైరు 80 తట్టుకుంటుందని పాత డిస్కు కూడా తట్టుకుంటుందనుకోవద్దు. అప్పట్లో ఆ డిస్కుకు ఎంత గాలి చెప్పారో ఆ పరిధి దాటకుండా, ఆ గాలి దగ్గర టైరు ఎంత మోస్తుందో కంపెనీ పట్టికలో చూసుకోండి.

5. ఇప్పుడు సైజు

చేతిలో మూడు అంకెలున్నాయి: డిస్కు వెడల్పు, ఒక్కో టైరు మీద పడే బరువు, పాత టైరు ఎత్తు. ప్రతి టైరుకూ ఎంత నుంచి ఎంత వెడల్పు డిస్కు పనికొస్తుందో కంపెనీ పత్రంలో ఉంటుంది. మీ డిస్కు ఆ పరిధి బయట ఉంటే ఆ సైజును కొట్టేయండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఉదాహరణకు 15x5 డిస్కు, పాత టైరు 6.70-15 అనుకోండి. పాత టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. షాపుకు వెళ్తే ముందుగా చూపించేది 235/75ఆర్15 (235 మి.మీ. వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం, 15 అంగుళాల డిస్కు), ఎందుకంటే అది ఎక్కడైనా దొరుకుతుంది. ఎత్తు 28.9. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. కానీ దానికి మామూలుగా కనీసం 6 అంగుళాల డిస్కు కావాలి. 5 మీద వేస్తే బీడ్‌లు దగ్గరికి నొక్కుకుపోయి పైభాగం ఉబ్బుతుంది, మధ్యలోనే అరుగుతుంది, మలుపులో బండి టైరు మీద దొర్లినట్టుంటుంది. 215/75ఆర్15 ఎత్తు 27.7, పాతదానికి చాలా దగ్గర. కానీ చాలా కంపెనీలు దానికి 5.5 నుంచే ఒప్పుకుంటాయి. 205/75ఆర్15 ఎత్తు 27.1, సాధారణంగా 5 నుంచి సరిపోతుంది. ఈ డిస్కుకు మామూలు దుకాణంలో దొరికే సరైన టైరు ఇదే. తక్కువ ఎత్తుగా, పిల్లటైరులా కనిపిస్తుందని బాధపడేవాళ్లుంటారు. నేనైతే కళ్లకు నచ్చే టైరు కన్నా డిస్కుకు నప్పే టైరునే ఎంచుకుంటాను.

1940ల, 50ల హాఫ్-టన్ బళ్ల 16 అంగుళాల డిస్కులు ఇంకా సన్నం, చాలావరకు నాలుగున్నర, 5 మధ్య. ఇప్పటి 16 అంగుళాల పికప్ టైర్లలో ఈ వెడల్పుకు తగినవి దాదాపు దొరకవు. వీటికి మంచి దారి పాత సైజులోనే వచ్చే రేడియల్స్: 6.00ఆర్16, 6.50ఆర్16 లాంటివి. బయటికి పాత బయాస్ టైరులా సన్నగా, ఎత్తుగా కనిపిస్తాయి, లోపల రేడియల్. 15 వాళ్లకు 6.70ఆర్15 కూడా ఉంది. ధర ఎక్కువే. కానీ డిస్కు మార్చకుండా, బండి నిలువు తీరు పోకుండా ఉండాలంటే ఇవే నా మొదటి ఎంపిక.

ముప్పావు టన్ను బళ్లలో 16 అంగుళాల ఒకే ముక్క డిస్కులుంటే పని తేలిక. 7.00-16కు దగ్గరగా ఎల్‌టి215/85ఆర్16, ఎత్తు 30.4. దీనికి మామూలుగా 5.5 నుంచి డిస్కు చాలు. 7.50-16 స్థానంలో ఎల్‌టి235/85ఆర్16, ఎత్తు 31.7, డిస్కు 6 ఉండాలి.

ఎత్తు మీరే లెక్కకట్టుకోవచ్చు. 205/75ఆర్15కు: 205లో 75 శాతం 153.75, రెండింతలు 307.5 మి.మీ. దానికి 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. కలపండి. 688.5, అంగుళాల్లో 27.1. అయితే బరువు పడ్డాక రేడియల్ కాస్త ఎక్కువ అణుగుతుంది కాబట్టి స్పీడోమీటరు విషయంలో ఎత్తు కన్నా, కంపెనీ పత్రంలో ఉండే "మైలుకు చుట్లు" అన్న అంకె నమ్మదగింది.

6. కొనేముందు ఖాళీ చూడండి

అట్టముక్కను కొత్త టైరు ఎత్తుకు సమానమైన వృత్తంగా కత్తిరించండి. ముందు చక్రం విప్పి, అట్టను ఆ చోట పట్టుకుని, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. మడ్‌గార్డు లోపలి అంచు, స్టీరింగు కడ్డీలైన టై రాడ్, డ్రాగ్ లింకు, ముందు కమాన్లు, వీటికి అట్ట తగలకూడదు. వెనక కమాన్ల వైపు, బాడీ గోడ వైపు కనీసం ఒక వేలు దూరేంత సందు ఉండాలి. బండి కుదుపుకు యాక్సిల్ పైకి లేస్తుందని మర్చిపోకండి.

అదే అట్టను స్టెప్నీ చోట కూడా పెట్టండి. పక్క మడ్‌గార్డులో గుంట చేసి స్టెప్నీ పెట్టే బళ్లలో వెడల్పు టైరు పట్టదు.

పవర్ స్టీరింగు లేని బండికి ఒక్కో సైజు వెడల్పు పెరిగినకొద్దీ నిలబడ్డ చోట తిప్పడం ఎంత బరువవుతుందో చేతులకే తెలుస్తుంది. సన్న టైరుకు ఓటు వేయడానికి ఇదింకో కారణం.

7. ట్యూబా, ట్యూబ్‌లెస్సా

1950ల మధ్య దాకా వచ్చిన డిస్కులు ట్యూబు కోసం చేసినవి. బీడ్ లోపలికి జారకుండా ఆపే చిన్న గట్టు వాటిలో ఉండదు. రివెట్లున్నవైతే ఆ సందుల్లోంచి గాలి కారుతుంది. ఇలాంటి వాటిలో ట్యూబే వేయండి. మూడు నియమాలు పాటించండి:

- ట్యూబు మీద రేడియల్‌కు అని స్పష్టంగా ఉండాలి. రేడియల్ గోడ వంగుడుకు మామూలు ట్యూబు ఒరుసుకుపోతుంది.
- ట్యూబు సైజు టైరుకు సరిపోవాలి. పెద్దదైతే మడతపడి ఆ మడత దగ్గరే చిరుగుతుంది.
- టైరు లోపల అంటించిన స్టిక్కర్లన్నీ పీకి, చేత్తో తడిమి గరుకు ఏమీ లేదని చూసుకుని, టాల్కం పౌడరు చల్లండి. రివెట్ల తలలు ట్యూబుకు తగలకుండా రిమ్ము పట్టీ వేయండి.

పాత డిస్కుల్లో వాల్వు రంధ్రం తరచూ 5/8 అంగుళం, అంటే దాదాపు 16 మి.మీ. ఉంటుంది. ఇప్పటి మామూలు వాల్వు 11.5 మి.మీ. రంధ్రానికి చేసింది. ట్యూబ్‌లెస్ అయితే టీఆర్415 వాల్వు అడగండి, ట్యూబైతే రంధ్రానికి సరిపడా రబ్బరు బుష్ వేయండి. వదులుగా వదిలేస్తే ఇనుప అంచు వాల్వు మొదలును కోసేస్తుంది.

8. తేదీ చదివి కొనండి

పాత సైజు టైర్లు గోదాముల్లో ఏళ్ల తరబడి ఉంటాయి. టైరు గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలు చూడండి. 3523 అంటే 2023లో 35వ వారం. మూడే అంకెలుంటే 2000కు ముందుది, నిగనిగలాడుతున్నా తీసుకోవద్దు. ఒకేసారి ఐదు కొనండి. ఒకే యాక్సిల్ మీద ఒకటి బయాస్, ఒకటి రేడియల్ వద్దు, పంక్చరైనప్పుడు షాపు దాకా తప్ప. డబ్బుల కోసం రెండే కొనాల్సి వస్తే రేడియల్స్ వెనకకే, ముందుకు కాదు. ముందు గట్టి పట్టు, వెనక వదులు పట్టు ఉంటే తడి రోడ్డు మీద బండి వెనక నుంచి తిరిగిపోతుంది.

9. ఎక్కించేటప్పుడు

పెయింటు పూర్తిగా గట్టిపడ్డాకే టైరు ఎక్కించండి. నట్టు కూర్చునే చోట మందమైన పెయింటు ఉండకూడదు, అది నలిగి నట్టు వదులవుతుంది. బీడ్‌లకు టైరు సబ్బు రాయండి. కారు రకం టైరు బీడ్ కూర్చోవడానికి 40 పి.ఎస్.ఐ. దాటొద్దు. కూర్చోలేదంటే గాలి తీసి, మళ్లీ సబ్బు రాసి, మొదటి నుంచి చేయండి. ట్యూబు ఉంటే ఒకసారి పూర్తిగా నింపి, మొత్తం వదిలి, మళ్లీ నింపండి. లోపలి మడతలు సర్దుకుంటాయి.

పాత డాడ్జ్ బళ్లలో ఎడమ వైపు నట్లు తిరగేసి తిరుగుతాయి. స్టడ్ చివర "ఎల్" ఉందేమో చూడకుండా రెంచి మీద నిలబడకండి.

10. సరిగ్గా వచ్చిందా?

*బీడ్ గీత.* రిమ్ము అంచు పైన టైరు గోడ మీద సన్నని గీత చుట్టూ ఉంటుంది. అంచుకూ దానికీ సందు అంతటా ఒకేలా ఉండాలి.

*గాలి.* రేడియల్ పక్క గోడ కింద ఉబ్బినట్టు కనిపించడం సహజం. గాలి తగ్గిందనుకుని ఎక్కించేయకండి, గేజినే నమ్మండి. కారు రకం టైర్లతో ఖాళీ హాఫ్-టన్ బండికి 32 దగ్గర మొదలుపెట్టండి, గోడ మీద రాసిన గరిష్ఠం దాటొద్దు. తర్వాత పైభాగం మీద అడ్డంగా మందంగా సుద్దగీత గీసి, చదును రోడ్డు మీద కొద్దిదూరం తిన్నగా నడపండి. గీత మధ్యలో ముందు చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ.

*లీకు.* ట్యూబ్‌లెస్ అయితే అంచులకు, వాల్వుకు సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి.

*వాల్వు.* మొదటి ప్రయాణం తర్వాత ట్యూబు వాల్వు నిటారుగా ఉందో లేదో చూడండి. ఒక పక్కకు వాలితే టైరు రిమ్ము మీద జరుగుతోందని అర్థం. అలాగే నడిపితే వాల్వు మొదల్లో తెగిపోతుంది. హబ్ క్యాపు మీద, డిస్కు మీద కలిసేలా చిన్న గుర్తు పెట్టండి. గుర్తులు తప్పుకుంటే డిస్కు మధ్య పళ్లెం వంగుతోంది, మళ్లీ పగుళ్లు వెతకాల్సిందే.

*అలైన్‌మెంట్.* రేడియల్‌కు టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండడం) తక్కువ చాలు. హ్యాండ్‌బుక్కు ఇచ్చిన పరిధిలో తక్కువ వైపు, 1/16 అంగుళం దగ్గర, పెట్టించండి. టైర్లు మార్చాక స్టీరింగు వణికితే కొత్త టైర్లను తిట్టేముందు కింగ్‌పిన్లు (ముందు చక్రాలు తిరిగే ఇరుసు మేకులు), టై రాడ్ ఎండ్లు ఊపి చూడండి. బయాస్ టైర్ల ఊగిసలాటలో ఇన్నాళ్లూ కలిసిపోయిన అరుగుదల ఇప్పుడు విడిగా బయటపడుతుంది.

*స్పీడోమీటరు.* ఎత్తు 28 నుంచి 27.1కి తగ్గితే మీటరు 60 చూపించేటప్పుడు అసలు వేగం 58. జీపీఎస్‌తో ఒకసారి పోల్చుకుని తేడా గుర్తుపెట్టుకోండి.

*నట్లు.* 80 నుంచి 150 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. స్టెప్నీగా పాత బయాస్ టైరే ఉంచుకున్నవాళ్లు దాన్ని పంక్చరు షాపు దాకా మాత్రమే, మెల్లగా వాడండి. ముందు చక్రానికి పంక్చరైతే వెనక రేడియల్ ఒకటి ముందుకు మార్చి, బయాస్‌ను వెనక వేసుకుని వెళ్లండి.